కుడివైపు కోళ్లు

గుడ్లు పెట్టే కోళ్ల షెడ్డులో మేత కలిపే ఆయన్ని అందరం తూకమన్న అనేవాళ్లం. ఎవరు తూచి ఇచ్చినా తాను మళ్లీ ఓసారి తూచందే తొట్టిలో పోసేవాడు కాదు. భార్య పోయాక అద్దె గది ఖాళీ చేసి, షెడ్డులో మేత బస్తాల పక్కనే మంచం వేసుకున్నాడు. మనుషులతో పొడిపొడిగా మాట్లాడేవాడు. కోళ్లతో మాత్రం పొద్దున తలుపు తీసింది మొదలు ఒకటే కబుర్లు.

నేనక్కడ గుడ్ల వివరాలు రాసే గుమస్తాని.

ఆ వేసవిలో, కోళ్ల మేత మీద పరిశోధన చేసే డాక్టరమ్మ మా షెడ్డులో ఒక పరీక్ష మొదలుపెట్టింది. ఎడమవైపు వరుసకు మేతలో మునగాకు పొడి, కుడివైపుకు ఉత్త మేత. ఎండ వేడికి కోడి ఒళ్లు లోలోపల, ఇనుము తుప్పు పట్టినట్టు పాడవుతుందట. ఆకులోని సారం దాన్ని ఆపుతుందట. నెలనెలా కోళ్ల రక్తం తీసేవారు. నేను గుడ్డు పగలగొట్టి, పచ్చసొనను రంగుల పట్టీతో సరిచూసేవాణ్ని.

మొదటి రెండు నెలలూ ఎడమవైపు సొన నారింజ రంగు, కుడివైపుది వెలిసిన పసుపు. మూడో నెల నుంచి రెండూ ఒకటైపోయాయి. రక్తంలోనూ తేడా లేదు.

"ఆకు పనిచెయ్యదని రాసేద్దాం," అంది డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి. "ఈ ఆకు మీద నా మూడేళ్ల కష్టం మట్టికొట్టుకుపోయింది. షెడ్డు మామూలు గుడ్లకే వాడుకుంటారు. నీకేం ఢోకా లేదులే బాబాయ్, ఇక్కడే ఉందువు."

తూకమన్న చేతిలో డబ్బా కింద పెట్టాడు. నోరు మెదపకపోతే ఆ మంచం, ఆ కోళ్లు ఆయనకే ఉంటాయి.

"నేనే పెట్టానమ్మా," అన్నాడు. "కుడివైపు వాటికీ. రెండు నెలలు ఓర్చుకున్నా, ఆ తర్వాత రోజూ గుప్పెడు."

"ఎందుకు?"

"డబ్బా పట్టుకుని పోతుంటే మెడలు చాచి చూసేవి. ఒకే ఇంట్లో ఒకళ్లకి పెట్టి ఇంకొకళ్లని చూస్తూ కూర్చోమంటే ఎలాగమ్మా?"

"తూచకుండా ఒక్క గింజ వెయ్యవు కదా నువ్వు!"

"అదీ తూచే వేశానమ్మా. గుప్పెడంటే మాటవరసకి. ఎడమవాటికి ఎంతో వీటికీ అంతే."

నాకు నవ్వొచ్చింది. ఆయన ముఖం చూసి మింగేశాను.

ఉద్యోగం తీసెయ్యలేదు. గేటు దగ్గర కుర్చీ వేసి, షెడ్డులో అడుగు పెట్టొద్దన్నారు. మంచం గేటు పక్క గదికి చేరింది. గాలి ఇటు తిరిగితే తప్ప అక్కడికి కోళ్ల చప్పుడు వినపడదు. కొత్త కోళ్లతో పరీక్ష మళ్లీ మొదలైంది. మేతకు వేరే మనిషి వచ్చాడు.

రోజూ సాయంత్రం నేను బయటికి వస్తుంటే ఆయన కుర్చీలోంచి లేచేవాడు.

"తమ్ముడూ, కుడివైపు సొన ఎలా ఉంది?"

"వెలిసిపోయిందన్నా."

"తేడా బాగా తెలుస్తోందా?"

"బాగా తెలుస్తోంది."

"అమ్మయ్య. డాక్టరమ్మ గట్టెక్కినట్టే," అనేవాడు.

ఆ తర్వాత గేటు తియ్యడం మరిచిపోయి, గడియ మీద చెయ్యి వేసి షెడ్డు వైపు చూస్తూ నిలబడేవాడు. నేను తొందరపెట్టేవాణ్ని కాదు.