ఇంకొకరు చూడాలన్న పిన్ని

మా పిన్ని పోయింది. ఆ రోజు పొద్దున ఆఫీసుకని నోయిడా బస్సెక్కబోతుంటే వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల, తెలుగులో అడిగితే హిందీలో చెబుతుంది. "భయ్యా, అమ్మ పోయింది" అని మాత్రం తెలుగులోనే అంది. బస్సు వదిలేసి, పిన్ని వాళ్ళుండే వైశాలికి ఆటో మాట్లాడుకున్నాను.

ఇంకోచోట కూడా కబురు చెప్పాల్సి వచ్చింది. ఇంటర్నెట్‌లో ఆమె నడిపిన మెయిల్ గ్రూపులో నాలుగు ముక్కలు రాశాను. ఎక్కడెక్కడి నుంచో జవాబులు వచ్చాయి. సగం మంది "సార్ ఇక లేరంటే నమ్మలేకపోతున్నాం" అన్నారు. పిన్ని చూసి ఉంటే పడీపడీ నవ్వేది. మెయిళ్ళ కింద ఇంటిపేరూ పొడి అక్షరాలూ తప్ప ఏమీ పెట్టేది కాదు.

పిన్ని పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పేది. వాషింగ్ మెషీన్‌లోనో లిఫ్టులోనో చిన్న చిప్ ఉంటుంది చూడండి, మైక్రోకంట్రోలర్ అంటారు, దానిలోకి ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు కొన్ని సెట్టింగులు కూడా పెట్టాలి. అక్కడే తిరకాసు. ఆవిడ పాఠం చెప్పే రకం చిప్పుల్లో సున్నా అంటే ఔను, ఒకటి అంటే కాదు. పిల్లలు మనుషుల లెక్కన గడిలో టిక్ పెట్టేవారు, చిప్ మూగబోయేది. ఇక కంప్యూటర్‌తో మాట్లాడదు. ప్రాజెక్టు పరీక్ష ముందు ఏడుపు మొహాలతో ల్యాబ్‌లో నిలబడేవారు.

అది చూడలేక పిన్ని కంప్యూటర్‌లో నడిచే ఒక టూల్ రాసింది. టిక్కులు తీసేసి, "ఈ చిప్‌కి టైమింగ్ కోసం బయట క్రిస్టల్ పెట్టాను" లాంటి మామూలు వాక్యాలు పెట్టింది. మనం వాక్యం ఎంచుకుంటే చాలు, సున్నాలూ ఒకట్లూ టూల్ చూసుకుంటుంది. దాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ వదిలేసింది.

చిప్పులు బోలెడు రకాలు. ఎవరి దగ్గరున్న చిప్ వివరాలు వాళ్ళు రాసి పంపేవారు. పిన్ని పట్టు ఒక్కటే. రాసినవాళ్ళు కాక ఇంకొకరు తమ చిప్ మీద పెట్టి చూసి, ఏం జరిగిందో గ్రూపులో రాయాలి. అప్పటిదాకా ఆ వివరాలు టూల్‌లోకి రావు.

"పిన్నీ, పెళ్ళి సంబంధానికి కూడా ఇంత వాకబు చెయ్యరు" అన్నాను ఒకసారి.

"చెయ్యకే కదరా సగం గోలలు. 'నాకు పనిచేసింది' అంటే అది వాడి సంబరం, సాక్ష్యం కాదు" అంది. కూరలో ఉప్పు కూడా తను చూసి ఊరుకునేది కాదు, గరిటె పట్టుకుని నా దాకా వచ్చేది.

పోయినేడాది మార్కెట్లోకి కొత్త చిప్ వస్తోందన్నారు. కాలేజీలో పిల్లల ప్రాజెక్టులన్నీ ఇక దాని మీదే. చిప్ చేతికి రాకముందే, మాన్యువల్ చూసి, పిన్నే స్వయంగా వివరాలు రాసి గ్రూపులో పెట్టింది. అంతలో జబ్బు పడింది. ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా అదే అడిగేది. "ఎవరైనా చూశారట్రా?" ఎవరూ చూడలేదు. చివరికి టూల్ పాస్‌వర్డ్ నాకిచ్చింది.

"నా మీద జాలిపడి చేర్చెయ్యకు. పిల్లల చిప్పులు పోతాయి."

"నువ్వు రాస్తే తప్పుంటుందా?"

"ఏం, నేనేమన్నా ఆకాశం నుంచి ఊడిపడ్డానా?"

ఆమె పోయాక గ్రూపులో అందరిదీ ఒకటే మాట. ఆవిడ చివరి పని కదా, నివాళిగా చేర్చెయ్యండి అని. కాలేజీ పిల్లలు కూడా ఫోన్లు చేశారు. నిజం చెప్పాలంటే నాకూ చేర్చెయ్యాలనే ఉంది. పిన్ని ఆఖరి పని అలా గుమ్మం బయట నిలబడిపోవడం బాధగా ఉంది. అయినా చెయ్యి రాలేదు.

కర్మలు అయ్యాక ఒక మెయిల్ వచ్చింది. ఎవరో కోయంబత్తూరు మనిషి, ఎప్పుడూ పేరు వినలేదు. పిన్ని రాసినట్టే పెట్టి చూశాడట, చిప్ మూగబోయింది. ఇంకోటి పెట్టాడు, అదీ అంతే. మాన్యువల్ తిరగేస్తే, ఒక్క వాక్యం దగ్గర సున్నా ఉండాల్సిన చోట పిన్ని ఒకటి రాసిందని తేలిందట. ఇలాంటి సమయంలో చెబుతున్నందుకు క్షమించమని రాసి, దిద్దిన వివరాలు జతచేశాడు.

ముందు నవ్వొచ్చింది. ఏ తప్పు నుంచి పిల్లల్ని కాపాడాలని టూల్ రాసిందో, అదే తప్పు తనూ చేసింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది, ఆఫీసులో, అందరి ముందూ.

దిద్దినదాన్ని కూడా ఇంకొకరు చూడాలి కదా. ఆ శనివారం కొత్త చిప్ ఒకటి వెతికి కొని వైశాలి వెళ్ళాను. చెల్లెలు ఏనాడూ అమ్మ టూల్ తెరిచి ఎరగదు. "నేను చూస్తా" అని తనే కంప్యూటర్ ముందు కూర్చుంది. దిద్దిన వివరాలు ఆ ఒక్క కంప్యూటర్‌లోని టూల్‌కి మాత్రం ఎక్కించి ఇచ్చాను. వాక్యాలు ఒక్కొక్కటే పైకి చదువుకుంటూ ఎంచుకుని, బటన్ నొక్కింది. చిప్ జవాబిచ్చింది. దానికి తగిలించిన చిన్న ఎర్ర లైటు వెలిగి ఆరడం మొదలుపెట్టింది.

ఏం జరిగిందో గ్రూపులో తనే రాసింది. నేను పాస్‌వర్డ్ కొట్టి, అందరూ వాడే టూల్‌లోకి చేర్చాను. ఇక కేబుల్ తియ్యబోతే నా చెయ్యి పట్టుకుంది.

"రుకో భయ్యా. కాసేపు ఉండనీ."

డైనింగ్ టేబుల్ దగ్గర ఇద్దరం కూర్చున్నాం. వాళ్ళమ్మ రాసిందీ, ఎవరో దిద్దిందీ, తను చూసిందీ, ఆ లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది.