శాలువా వద్దన్నందుకు దక్కిన సన్మానం

ఇందాక ఒక ఫోన్ వచ్చింది. అప్పటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు!

కొత్త కార్లు నడిపి చూసి బాగోగులు చెప్పే చానల్ నాదని మీకు తెలుసు కదా. పొద్దున అమ్మను తీసుకుని ఇబ్రహీంపట్నంలో ఒక షోరూంకు వెళ్లాను. తాళం ఇవ్వకముందే మేనేజర్ నా భుజాల మీద శాలువా కప్పి, ఫోటోకు పక్కన నిలబడ్డాడు. మడతపెట్టి తిరిగిచ్చేశాను. సన్మానం చేయించుకుని, ఆ వెంటనే బండిలో తప్పులు చెప్పడం నా వల్ల కాదు.

సాగర్ రోడ్డు ఎక్కామో లేదో, వెనక సీట్లో అమ్మ మోకాళ్లు ముందు సీటుకు తగిలాయి. "గిట్ల కాళ్లు ముడుసుకొనే కూసోవాల్నా బిడ్డా?" అంది. ఆ మాటతో సహా వీడియో పెట్టేశాను. అది చూసి మేనేజర్, "గా ముక్క జర తీసెయ్యన్నా" అని బతిమాలాడు. తీయలేదు.

ఇందాకటి ఫోన్ అతనిదే. తిట్లు తినడానికి సిద్ధపడే ఎత్తాను.

"అన్నా, మా బాపుకు మోకాళ్ల నొప్పులు. ఏ కారు తీస్కుంటే మంచిగుంటదో నువ్వే చెప్పు. మా షోరూందే కావాల్నని ఏం లేదు."

ఇంతకు మించిన శాలువా ఉంటుందా, మీరే చెప్పండి. వాళ్ల ఓనర్‌కు మాత్రం చెప్పకండి!