ఆసా విట్లాక్ మిల్లు

ఆసా విట్లాక్ ఎవరు మాట్లాడినా కుడిచెవి అటు తిప్పి వింటాడు. ఎడమచెవిని ఏనాడో మరమగ్గాల మోత తినేసింది. అమెరికా దక్షిణాన జార్జియా కొండల్లో వాగు పక్కనున్న నేతమిల్లు అతనిదే. తెల్లారగానే తానే తూము తలుపెత్తి నీటిచక్రం తిప్పుతాడు, దారాన్ని వేళ్ల మధ్య నలిపి చూస్తాడు, ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. దక్షిణ రాష్ట్రాలు దేశం నుంచి విడిపోవాలా అని ఊళ్లో అడిగినప్పుడు, వద్దని లేచి చెప్పినవాడు అతనొక్కడే. అప్పటినుంచి చర్చిలో అతని బల్లమీద ఎవరూ కూర్చోరు. అయినా దక్షిణాది సైన్యం తుపాకులతో వచ్చి నిలబడితే వాళ్లకే గుడ్డ నేశాడు. ఆ రోజుల్లో అతని ముందు పెట్టిన మొక్కజొన్న రొట్టె సగం అలాగే మిగిలిపోయేది.

యుద్ధం ముగియవచ్చిన వేసవిలో, దేశం ఒక్కటిగా ఉండాలని పోరాడే, అతను ఇన్నాళ్లూ ఎదురుచూసిన ఉత్తరాది సైన్యం వచ్చింది. వస్తూనే కెప్టెన్ మిల్లు తగలబెట్టమన్నాడు.

"నేను మీవాణ్ణే బాబూ," అన్నాడు ఆసా.

"మావాడివైతే ఆ తిరుగుబాటుదార్ల ఒంటిమీద గుడ్డ ఎవరు నేశారు, పెద్దాయనా?"

ఆసా మిల్లు వైపు తిరిగాడు. "లోపల పనిచేసే ఆడవాళ్లున్నారు. వాళ్లని బయటికి రానివ్వు, తర్వాత నీ ఇష్టం," అన్నాడు. తానే వెళ్లి చక్రం ఆపి, అందరినీ పంపించి, ఆఖరున బయటికొచ్చాడు.

మంట కప్పుకెక్కుతుంటే నేతపని చేసే టెంపీ పక్కకొచ్చి నిష్ఠూరంగా అంది.

"మీవాళ్లు మీకు మంచి బహుమానమే ఇచ్చారయ్యా. ఇప్పుడైనా మనసు మారిందా?"

"లేదమ్మా," అన్నాడు ఆసా. "మారితే ఎంత హాయిగా ఉండేదో."