నిద్ర నేర్పిన డ్రిల్లు మాస్టారు

ఇక చీటీ రాయనని ముప్పై ఏళ్ళ కిందట ఒకాయనకి మాటిచ్చాను. తొమ్మిదో రోజున తప్పాను. ఆ మాట పుచ్చుకున్నాయన, మా హైస్కూలు డ్రిల్లు మాస్టారు, మొన్న సోమవారం చోడవరంలో తన ఇంట్లో పోయారు. వాళ్ళు క్రైస్తవులు. గేటుకి కట్టిన కాగితం మీద ‘ప్రభువునందు నిద్రించారు’ అని రాసి ఉంది. అది చదివి నాకు నవ్వొచ్చింది. చావింటి ముందు నవ్వినందుకు ఆయన అల్లుడు నా వైపు అదోలా చూశాడు. పాపం అతనికేం తెలుసు. ఆ మాటకి ఆయనంత తగినవాడు ఈ ఊళ్ళో మరొకరు లేరు.

సమాధుల తోట నుంచి వచ్చాక టెంటు కింద నలుగురు మాట్లాడారు. క్రమశిక్షణ అన్నారు. ఆయన ఈలకి బడంతా నిటారుగా నిలబడేదన్నారు. మా పాత హెడ్మాస్టరు కర్ర పట్టుకుని వచ్చి, మేమిద్దరం అన్నదమ్ముల్లా పనిచేశామన్నాడు. తొంభైకి దగ్గరపడ్డాక కూడా అబద్ధం చెప్పడానికి ఓపిక కావాలి. ఆయనకుంది. నిద్ర మాట మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. నాకిప్పుడు ఎనభై నాలుగు. నేను రాయకపోతే ఇది ఇంకెవరూ రాయరు.

తొంభైల మధ్యలో మా ఊరికి కేబులు టీవీ వచ్చింది. అంతకు ముందు పిల్లలు ఎనిమిదింటికి తిని పడుకునేవారు, మేలుకుని చేసేదేమీ లేదు కనక. కేబులాయన తన డాబా మీద గొడుగు తిరగేసినట్టు డిష్షు పెట్టి, వీధి వీధికీ తీగ లాగాడు. రాత్రిపూట సొంత చానల్లో సినిమాలు వేసేవాడు. సాయంత్రం అనకాపల్లి బస్సులో అద్దె క్యాసెట్లు వచ్చేవి, పొద్దున మొదటి బస్సులో తిరిగి వెళ్ళిపోవాలి. అందుకని తొమ్మిదిన్నరకి ఒక సినిమా, అది అయ్యాక ఇంకొకటి. ఎవరికేం కావాలో చీటీ రాసి ఆయన అరుగు మీది బిస్కెట్ల డబ్బాలో వేస్తే, మర్నాటికి తెప్పించేవాడు.

మూడు నెలల్లో తొమ్మిది, పది తరగతుల రూపు మారిపోయింది. మొదటి పీరియడులో సగం తలలు బల్లల మీద ఉండేవి. మిగిలిన సగం కళ్ళు తెరిచి నిద్రపోయేవి. చిన్న మాటకి కొట్లాట, ఇంకా చిన్న మాటకి ఏడుపు. మేం మాస్టర్లం పిల్లలు చెడిపోయారని తీర్మానించి, బెత్తాలు తీశాం.

నేను లెక్కలు చెప్పేవాణ్ణి. సుద్దముక్క విసరడంలో నాకు పేరుండేది, వెనక బెంచీ దాకా గురి తప్పేది కాదు. ఒకరోజు అది డ్రిల్లు మాస్టారు కిటికీలోంచి చూశారు. స్టాఫ్‌రూములో నా పక్కన కూర్చుని, వరండాలో ఏరుకొచ్చిన సుద్దముక్క నా చేతిలో పెట్టారు.

“మిమ్మల్ని జిల్లా ఆటలకి పంపాలి మాస్టారూ,” అన్నారు. తర్వాత గొంతు తగ్గించారు. “చదువు మెలకువలో లోపలికెళ్తాది. కూకునేది మాత్రం నిద్రలోనే. మీరు లోపలికి తోస్తన్నారు, అది కూకోడానికి చోటు లేక బయటికొచ్చేస్తంది.”

నాకు ఒళ్ళు మండింది. మనసు గురించీ నిద్ర గురించీ అప్పటికే లావుపాటి పుస్తకాలు చదివి ఉన్నాను. వడ్డాది సంత దగ్గర పుట్టి, ఈల తప్ప తెలియని మనిషి నాకు చెప్పడమా అనుకున్నాను. ఆయన మాటలో ఉన్నది నా పుస్తకాల్లోనూ ఉందని, కాకపోతే అక్కడ వంద పేజీలు పట్టిందని ఒప్పుకోడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఆ వారం నుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక ఉండే పదో తరగతి డ్రిల్లు పీరియడు మైదానంలోంచి నాటకాల హాల్లోకి మారింది. నేల మీద టార్పాలిన్లు. ఆడపిల్లలు ఒక వైపు, మగపిల్లలు ఒక వైపు. అటెన్షన్. స్టాండెటీజ్. తర్వాత ఒక పొడుగు ఈల. దానికి అందరూ ఒక్కసారిగా పడుకోవాలి. వరస చెడితే లేపి మళ్ళీ పడుకోబెట్టేవారు. లేవడానికి రెండు పొట్టి ఈలలు.

నిద్ర నటించేవాళ్ళని పట్టుకోడానికి ఆయనకో పద్ధతి ఉండేది. మాడుగుల హల్వా పొట్లం విప్పి, నెయ్యి వాసన గుప్పుమంటుంటే, వరస వెంట నడుస్తూ ఒక్కొక్క ముక్కు దగ్గరా కాసేపు పట్టుకునేవారు. గొంతులో గుటక పడిందా, దొరికిపోయినట్టే. “ఒరే, నిద్రలో గుటకలేటిరా? సరిగ్గా పడుకో,” అనేవారు. గుటక పడనివాళ్ళకి లేచాక ముక్క దక్కేది. పిల్లలు హల్వా కోసం గుటక బిగబట్టి, దానికోసం ఊపిరి నెమ్మది చేసుకుని, ఆ నెమ్మదిలో నిజంగానే నిద్రపోయేవారు. నా పుస్తకాల్లో ఎక్కడా హల్వా లేదు.

హెడ్మాస్టరుకి ఇది కడుపుమంట. పై అధికారి తనిఖీకొచ్చిన రోజు, ఇంకే తరగతీ చూపించకుండా నేరుగా హాలుకి తీసుకెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను. వేడుక చూడడానికే, దాచడం దేనికి. లోపల యాభైమంది పిల్లలు కవాతు వరసలో నిద్రపోతున్నారు. డ్రిల్లు మాస్టారు మడమల చప్పుడు లేకుండా సెల్యూటు చేసి, ఒక కుర్చీ తెచ్చి వేసి, వరస తప్పితే చెప్పమని అధికారి చెవిలో అన్నారు. ఆయన తెల్లారగట్ల విశాఖపట్నంలో జీపెక్కిన మనిషి. కూర్చున్నాడు. చుట్టూ యాభై ఊపిరులు ఒక్క లయలో నడుస్తున్నాయి. నాలుగు నిమిషాల్లో ఆయన గడ్డం గుండెల మీదకి జారింది. డ్రిల్లు మాస్టారు హల్వా పొట్లం తీసి ఆయన ముక్కు దగ్గర కూడా పట్టారు.

గుటక పడలేదు.

హెడ్మాస్టరు నోరు తెరవబోతే, డ్రిల్లు మాస్టారు వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. అధికారి నిద్ర లేచేదాకా ఆ రోజు రెండు పొట్టి ఈలలు పడలేదు. తర్వాతి పీరియడు నాది. వర్గ సమీకరణాలు. ఆ పీరియడు పోయిందన్న కోపం నాకిప్పటికీ ఉంది. అధికారి మొహం కడుక్కుని, వ్యాయామ విద్య సంతృప్తికరంగా ఉందని రాసి, తన వంతు హల్వా తిని వెళ్ళాడు.

రత్నం సంగతి మాత్రం నవ్వులాట కాదు.

నూకరత్నం కేబులాయన కూతురు. పొడుగు ఈల పడ్డాక కూడా ఆ పిల్ల కళ్ళు తెరుచుకునే ఉండేవి. తండ్రి పగలంతా స్తంభాలెక్కి దిగి, పదింటికల్లా ఒళ్ళు తెలియకుండా పడిపోయేవాడు. తల్లికి ఆ మిషన్లంటే భయం. సినిమా అయ్యాక క్యాసెట్టు మార్చేది రత్నమే. రెండున్నర దాకా, ఒక్కోసారి అయిదింటి దాకా. కొన్నాళ్ళకి పడుకుందామన్నా నిద్ర రావడం మానేసింది. కళ్ళు మూస్తే ఏవో సినిమాల మాటలు వినిపిస్తున్నాయని, ఆగడం లేదని డ్రిల్లు మాస్టారితో చెప్పిందట. అన్నం సయించడం లేదు. జడ వేసుకోవడం మానేసింది. ఇలా ఉండడం కన్నా లేకపోతే బాగుణ్ణని స్నేహితురాలి నోట్సు వెనక రాసింది.

మా మాస్టర్లలో కొందరు ఆ రాత చూసి, సినిమా పైత్యమన్నారు. డ్రిల్లు మాస్టారు ఆ సాయంత్రమే తల్లినీ పిల్లనీ వెంటబెట్టుకుని గవర్నమెంటు డాక్టరు దగ్గరికి వెళ్ళారు. తల్లి అప్పటికే గాలి సోకిందని పిల్ల చేతికి తాయత్తు కట్టించింది. “తాయత్తు ఉండనీ అమ్మా, తియ్యొద్దు,” అన్నారట ఆయన. “దాంతోపాటు ఎనిమిది గంటల నిద్ర కూడా కట్టు.”

ఇంతకీ అయిదింటి దాకా ఎందుకంటే, కొన్ని రోజులు మూడో క్యాసెట్టు ఉండేది. పాత నలుపు తెలుపు సినిమా. అది ఊళ్ళో ఒక్క మనిషి కోసం వేసేవారు. మా ఆవిడ పోయి అప్పటికి రెండేళ్ళు, నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. బిస్కెట్ల డబ్బాలో ముత్యాల్లాంటి అక్షరాలతో ఆ చీటీలు వేసింది నేను.

డ్రిల్లు మాస్టారు ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చారు. కాఫీ అయినా తాగకుండా ఉన్నమాట చెప్పారు. “మీకు నిద్ర పట్టక మీరు చూస్తన్నారు. మీరు చూస్తన్నారని ఆ రత్నం గుంటకి నిద్ర లేదు. మానేస్తారా?”

మానేస్తానని చేతిలో చెయ్యేసి చెప్పాను. ఆయన నమ్మారు.

తొమ్మిదో రోజుకి ఏ విశేషమూ లేదు, సాకు చెప్పడానికి ఒక్కటీ లేదు. సాయంత్రం నా ఒక్కడి కంచం కడుక్కుంటుంటే, ముందున్న రాత్రి ఎంత పొడుగో కనబడింది. ఈ ఒక్కసారికే అనుకుని చీటీ వేశాను. సినిమా బాగుంది కూడా.

మర్నాడు పొద్దున రత్నం బడికొస్తూ సైకిలు మీదే నిద్రపోయింది. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడే క్రషింగు రోజులు. ఫ్యాక్టరీ రోడ్డు పొడుగునా చెరకు బళ్ళు బారులు తీరి ఉన్నాయి. సైకిలు నేరుగా వెళ్ళి ఒక బండి వెనక గుద్దుకుంది. ఎడమ చెయ్యి విరిగింది. రోడ్డు అవతలి పక్కనంతా లారీలే, సైకిలు అటు తిరగకపోవడం అదృష్టమని బండివాడు వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. నేను గుంపులో వెనక నిలబడి విన్నాను.

డ్రిల్లు మాస్టారు కేబులాయన ఇంటికి వెళ్ళారు. ఆయన చెడ్డవాడేం కాదు. కూతురి కట్టు చూసి ఏడుస్తూనే, తన భయం చెప్పుకున్నాడట. “నాను ఆపితే ఊరు ఊరుకుంటాదా మాస్టారూ? తీగలు తెంపేత్తారు.”

“ఆపొద్దు. క్యాసెట్టు నేను మారుస్తాను,” అన్నారు మా డ్రిల్లు మాస్టారు. “ఆ గుంట పరీక్షలయ్యేదాకా మా ఇంట్లో, మా ఆవిడ దగ్గర పడుకుంటాది.”

అన్నమాట ఆయన నిలబెట్టుకున్నారు. బడికంతటికీ నిద్ర నేర్పిన మనిషి రెండు నెలలు రాత్రిపూట ఆ గదిలో కూర్చున్నారు. ఊరికే కూర్చోలేదు. రోజూ సినిమాని నాలుగైదు నిమిషాలు ముందుకి జరిపారు. ఇవాళ తొమ్మిదిన్నర, రేపు దానికి కాస్త ముందు. మార్చి వచ్చేసరికి రెండో సినిమా కూడా పదకొండున్నరకల్లా అయిపోయేది. ఊరు ఊరంతా మూడు గంటలు ముందుగా పడుకుంటోందని ఊరికి తెలియదు. లెక్కల మాస్టారిని కనక నేను కనిపెట్టాను. హెడ్మాస్టరింట్లో దీపం కూడా పదకొండున్నరకి ఆరేది. ఆయనకిప్పటికీ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.

ఆ రెండు నెలలూ డ్రిల్లు పీరియడులో పిల్లలకి పండగ. పొడుగు ఈల వేసి, పిల్లలకంటే ముందు ఆయనే గోడకి చేరబడి నిద్రపోయేవారు. ఒకరోజు రత్నం కట్టు లేని చేత్తో ఆయన జేబులోంచి పొట్లం లాగి, ఆయన ముక్కు దగ్గర పట్టింది. గుటక పడలేదు. తక్కినవాళ్ళు నవ్వబోతే వేలు పెదవుల మీద పెట్టుకుని కళ్ళతోనే కసిరింది. ఆ పిల్ల మొహంలో నవ్వు చూడడం నాకదే మొదటిసారి. కిటికీ అవతల నిలబడి చూశాను. చేతిలో సుద్దముక్క ఉంది గాని విసరడానికి ఎవరూ లేరు.

రత్నం చేతి కట్టు విప్పిన మర్నాడు, నా చీటీ సంగతి చెప్పేద్దామని హాల్లోకి వెళ్ళాను. అందరూ నిద్రలో ఉన్నారు. రత్నం కూడా నోరు తెరుచుకుని, ఆదమరిచి నిద్రపోతోంది. నేను డ్రిల్లు మాస్టారి పక్కన చతికిలబడి, “చెయ్యి విరిగిన ముందురోజు మూడో క్యాసెట్టు...” అన్నాను. ఆయన వేలు పెదవుల మీదకి వెళ్ళింది.

“ఇప్పుడు కాదు మాస్టారూ. గుంటలు లేస్తారు.”

అంతే. తర్వాత బస్టాండులో ఒకసారి, వాళ్ళమ్మాయి పెళ్ళిలో ఒకసారి, ఆయన గుండె ఆపరేషను తర్వాత ఒకసారి ఎత్తబోయాను. ప్రతిసారీ అదే వేలు, అదే మాట. చుట్టుపక్కల నిద్రపోయే గుంట ఒక్కరూ ఉండేవారు కాదు. ఆయన నవ్వేవారు.

రత్నం పది గట్టెక్కింది. లెక్కల్లో నేననుకున్నదానికంటే బాగా చేసింది. ఇప్పుడు విశాఖపట్నంలో ఆడపిల్లల హాస్టలు వార్డెను. రాత్రి తొమ్మిదిన్నరకి పిల్లలందరి ఫోన్లూ ఒక బిస్కెట్ల డబ్బాలో వేయించి తాళం పెడుతుందట. పిల్లలు ఆవిణ్ణి నానా తిట్లూ తిడతారట. చెప్పి పడీ పడీ నవ్వింది.

మొన్న పాస్టరుగారు రాకముందు, అందరూ టెంటు కిందకి టీలకి వెళ్ళినప్పుడు, నేను కర్ర పట్టుకుని లోపలికి వెళ్ళాను. పెట్టెలో ఆయన, తలవైపు ఆయన భార్య. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో రత్నం ఉంది. చివరి రెండు రాత్రులూ ఆయన మంచం పక్కన మేలుకుని ఉన్నదట. గోడకి తల ఆన్చి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. ముప్పై ఏళ్ళుగా దాచుకున్న వాక్యం నా నాలుక చివర ఉంది. వంగాను. అమ్మగారు రత్నాన్ని చూపించి, లేపొద్దన్నట్టు చెయ్యి ఊపారు. నా వేలు దానంతటదే నా పెదవుల మీదకి పోయింది.

హెడ్మాస్టరుతో నా తగువు ఈ రాతతో సరి. కేబులాయన వ్యాపారాన్ని సెల్‌ఫోన్లు మింగేశాయి, ఆయన్ని నేను కొత్తగా అనేదేం లేదు. నన్ను నేను తిట్టుకుని తిట్టుకుని, ఆ తిట్లకిప్పుడు పదును పోయింది. ఒక్కసారైనా చెప్పనివ్వలేదే అని ఇంకా తప్పు పడుతున్నది ఒక్కరినే, ఆ గుంట పక్కన పెట్టెలో కళ్ళు మూసుకున్న మా డ్రిల్లు మాస్టారిని.