బడి మిద్దె మీద చవుడు

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డలో మా వీధి బడికి మట్టి మిద్దె ఉండేది. రాతి గోడలు, దూలాలు, వాటిపైన కట్టెలు పరిచి దట్టించిన మట్టి. ఒకటే పొడుగాటి గది, ఒక్కరే అయ్యవారు. వానలకు ముందు మిద్దెల మీద చవుడు పరిచేవాళ్లు. తడిస్తే జిగురుగా పట్టుకుని నీళ్లను కిందికి దిగనివ్వని ఉప్పుమన్ను అది. ఎవరింటి మీద వాళ్లు పరుచుకునేవాళ్లు. బడి అందరిదీ కావడంతో దాని సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు.

నేను మూడో తరగతిలో ఉండగా తొలి వానకే కప్పులోంచి పెద్ద పెళ్ల ఊడి అయ్యవారి కుర్చీ పక్కన పడింది. పంచాయతీ సమితి నుంచి ఆఫీసరు వచ్చి చూసి, ఇంకోసారి కారితే ఈ బడి మూసేసి పిల్లల్ని పెద్దబడికి పంపుతామని చెప్పి వెళ్లాడు. పెద్దబడి బస్సులూ లారీలూ తిరిగే రోడ్డుకు అవతల ఉండేది. ఆడపిల్లల్ని ఆ రోడ్డు దాటించేవాళ్లు కాదు. ఎదురింటి అక్క ఐదో తరగతి అయిపోగానే ఆ కారణంతోనే ఇంట్లో కూర్చుంది. పగలంతా వాకిట్లో కూర్చుని మేం బడికి వెళ్లడం చూస్తూ ఉండేది.

నాకు గుండెల్లో రాయి పడింది. పలక మీద కంటే కప్పు మీదే చూపు ఉండేది. మబ్బు పట్టిందంటే అన్నం సయించేది కాదు. మా జేజి, అంటే మా నాయనమ్మ, దగ్గరికి వెళ్లి వాన వస్తుందా రాదా అని ప్రాణం తీసేదాన్ని.  ఆమె ఆకాశం వైపు నాకంటే ఎక్కువసార్లు చూసేది.

ఒకనాడు మా నాయన శిరివెళ్ల దిక్కు నుంచి బండెడు చవుడు తోలుకొచ్చి, మా వాకిట్లో కుప్ప పోసి చేనికి వెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి కుప్ప సగానికి పైగా తరిగిపోయి ఉంది. మా జేజీ, మేం ఖాలా అని పిలిచే పక్కింటి దర్జీ భార్యా గంపలతో మోస్తున్నారు. బడి మిద్దె మీద అయ్యవారు పంచె ఎగగట్టి ఆ మన్ను పరుస్తున్నాడు.

"ఏందమ్మా ఇది? మనింటికి తెచ్చిన చవుడు ఆడికి మోస్తాండావు?" అన్నాడు నాయన.

"మన మిద్దె కారితే సట్లు పెట్టుకుంటాం, ఓ మూలకు సర్దుకుంటాం. ఆ మిద్దె కారితే బడి మూస్తార్రా. ఈ పిల్ల మళ్లా యాడ సదవాల?"

"గింజలన్నీ ఇంట్లోనే ఉండాయి. తడిస్తే ఏం తింటాం?"

 జేజి గంప నెత్తికెత్తుకుంది. నాయన విసురుగా ఎద్దులను కట్టేయడానికి వెళ్లిపోయాడు. ఆ రాత్రి తుంపరకే దారులు బురదై మళ్లీ బండి తోలే వీలు లేకపోయింది.

వాన రానే వచ్చింది. మధ్యాహ్నం, ఎక్కాలు చెప్పుకుంటుండగా. ముందు నాలుగు చినుకులు, ఆ తరువాత మాటలు వినపడనంత జోరు. అయ్యవారు పాఠం ఆపేశాడు. అందరం పైకే చూస్తున్నాం. అప్పుడు నెత్తిన గోనెపట్ట కప్పుకుని జేజి బడి గడపలోకి వచ్చింది. నేను పరుగెత్తి ఆమె చెయ్యి పట్టుకున్నా.

"జేజీ, కారదు కదా?"

"ఏమో పాపా. నాకూ బయమైతాంది. సూస్తాం ఉండు."

ఆమె చెయ్యి చల్లగా ఉంది, వణుకుతూ ఉంది. పెద్దవాళ్లు అంతా సరిగ్గా జరుగుతుందని తెలిసే పనులు చేస్తారని అప్పటిదాకా అనుకునేదాన్ని.

వాన వెలిసేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం. ఒక మూల కట్టెలు నల్లగా తడిశాయి. చుక్క మాత్రం రాలలేదు.

ఇంటికి వెళ్తే వంటింట్లో ధార కడుతోంది. నాయన జొన్న బస్తాలను ఆ గోడ నుంచి ఈ గోడకు లాగుతున్నాడు. ఒక బస్తా పూర్తిగా తడిసింది. మమ్మల్ని చూసి, "బడి కారిందా?" అని అడిగాడు. లేదన్నా.  ఎండ కాసి దారులు ఆరాక నాయన ఇంకో బండెడు చవుడు తెచ్చి, తడిసిన ఆ మూలన పోయమని ముందు అయ్యవారికిచ్చి, తరువాతే మా మిద్దె ఎక్కాడు. ఆఫీసరు మళ్లీ వచ్చి చూసి, బడిని ఉండనిచ్చాడు. ఐదో తరగతి దాకా అక్కడే చదివా.

ఇప్పుడు నంద్యాలలో ఉంటున్నా. ఆ బడికి మట్టి కప్పు పోయి స్లాబు వచ్చింది, రాతి గోడలు మాత్రం అవే. పిల్లలు తగ్గారని దాన్ని వేరే బడిలో కలుపుతారట. అక్కడ చదివిన కొందరం కలిసి గోడలు బాగు చేయిస్తున్నాం, పిల్లల్ని చేర్పించమని ఇంటింటికీ తిరుగుతున్నాం. ఉంచుతారో తీసేస్తారో ఇంకా తెలియదు. ఆళ్లగడ్డ బస్సు ఎక్కిన ప్రతిసారీ భయం వేస్తూనే ఉంటుంది. అయినా దిగి పనిలో పడతా. ఆ వాన మధ్యాహ్నం నా చేతిలో వణికిన జేజి చెయ్యే అన్ని గంపలూ మోసిందని తెలిశాక, భయం తగ్గాక చేద్దామని ఏ పనినీ ఆపుకోలేదు నేను.