కుడిచేత్తో పెట్టిన కార్డు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలయ్యాక, మా కోడలు వాళ్ళ చెల్లెలి పెళ్ళి ఫొటోలు చూపిస్తానని ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి, టీవీ వెనకాల చేత్తో తడుముకుంటూ గుచ్చింది. గుచ్చీ గుచ్చకముందే టీవీ మూలన, కొత్త వస్తువేదో వచ్చి చేరిందనీ దాన్ని తాను గుర్తుపట్టిందనీ చిన్న అక్షరాలు కనబడి మాయమయ్యాయి. గదిలో అందరూ పెళ్ళికూతురి చీర రంగు గురించి వాదించుకుంటుంటే నేనొక్కదాన్నే ఆ మాయమైపోయిన అక్షరాలకు చప్పట్లు కొట్టాను, కొట్టాక అందరూ నాకేసి చూస్తున్నారని తెలిసి, దోమను చంపినట్టు చేతులు దులుపుకున్నాను. వాళ్ళకు చెప్పినా నవ్వుతారు గాని, పాడైన రేడియో వెనక మూత విప్పి లోపల ఏముందోనని చూసిన కాలంవాళ్ళు మీరు, మీకైతే చెప్పుకోవచ్చు. నడుస్తున్న యంత్రానికి, తన ఒళ్ళోకి వచ్చిన కార్డును గుర్తుపట్టడం నేర్పడానికి నేను ఒకప్పుడు ఒక వేసవంతా ధారపోశాను. అందులో పదోవంతు శ్రమ నన్ను నలుగురూ గుర్తుపట్టడానికి పెట్టి ఉంటే, ఈపాటికి కనీసం మా వీధిలో కూరలబ్బాయైనా నన్ను పేరుపెట్టి పలకరించేవాడు.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి బయటికొచ్చిన నేను రాజమండ్రిలో మా చిన్నమావయ్య వర్క్‌షాపులో పనికి కుదిరాను. అది స్టెబిలైజర్లూ టీవీలూ బాగుచేసే దుకాణమే గాని, బోర్డు మీద మాత్రం ఇంకా పెద్దగా ఏదో రాయించుకున్నాడు మావయ్య, ఆ బోర్డుకు తగ్గట్టు ఎదగాలని మా ఇద్దరికీ తపన. మా నాన్నగారు మిషన్ బడిలో సైన్సు మాస్టారు. ఆడపిల్లకు సోల్డరింగు పొగ ఎందుకని ఆయన బాధ, అందుకని తన బడిలోనే నాకు ఒక ఉద్యోగం మాట్లాడి పెట్టి, వచ్చే ఏడు జూన్‌లో బడి తెరిచేలోగా ఏ సంగతీ చెప్పమన్నారు. ఇంతలో మాకు భీమవరం పని వచ్చింది.

భీమవరం దగ్గర ఒక రొయ్యల కోల్డు స్టోరేజీవాళ్ళకు, చల్లగదుల వేడి ఎంతుందో కనిపెడుతూ, కంప్రెసర్లను తనంతట తానే నడిపే పెట్టె ఒకటి కావాలన్నారు. బీరువా అంత కంప్యూటరు అనుకోండి. లోపల వెనకవైపు ఒక తల్లి బోర్డు, దానికి వరసగా స్లాట్లు, ఒక్కో స్లాటులో నిలువుగా ఒక్కో కార్డు, అంటే ఎలక్ట్రానిక్ భాగాలు అతికించిన పలక. ఒక్కో కార్డు ఒక్కో గది సంగతి పెట్టెకు మోసుకొస్తుంది. అయితే ఆ ఉప్పుగాలికీ తేమకూ కార్డులు తరచూ పేచీ పెడతాయి, వాటిని తీసి తుడవాలి, లేదా మార్చాలి, అలాగని పెట్టెను ఆపితే కంప్రెసర్లు ఆగి గదులన్నీ కరుగుతాయి. కాబట్టి పెట్టె నడుస్తుండగానే కార్డు తియ్యాలి, పెట్టాలి. దీన్నే ఇంగ్లీషులో హాట్ స్వాప్ అంటారు. చల్లగదుల కోసం వేడివేడిగా కార్డులు మార్చే పెట్టె అని మావయ్య రోజూ నవ్వేవాడు, నేనూ రోజూ నవ్వేదాన్ని, జీతమిచ్చేవాడి హాస్యానికి ఆమాత్రం మర్యాద ఉండాలి కదా.

కార్డు వచ్చిందో లేదో పెట్టెకు ఎలా తెలియాలన్నది నా పని. కార్డు అంచున బంగారుపూత రేకులు వరసగా ఉంటాయి, అవి స్లాటులోకి దిగితే లోపలి తీగలకు తగులుతాయి. అన్నిటికన్నా పైనున్న రేకును నేను గుర్తింపుకు కేటాయించాను. అది తగలగానే కార్డు వచ్చిందని పెట్టె నమ్మి, ఆ స్లాటు మీద పచ్చదీపం వెలిగిస్తుంది. గదిలో ఎంత చలి ఉందో చెప్పే రేకులు కింది చివర ఉన్నాయి, ఆ చలి పెట్టె ముందు అంకెగా కనిపిస్తుంది. వర్క్‌షాపులో ఎన్నిసార్లు తీసి పెట్టినా దీపం తప్పలేదు, అంకె తప్పలేదు. పెట్టెను లారీ ఎక్కించి పంపాం, అక్కడ మేనేజరు గారి తల్లిగారు దానికి బొట్టుపెట్టి కొబ్బరికాయ కొట్టారు, నేను పక్కన నిలబడి నా తరఫున నేను ప్రార్థన చేసుకున్నాను. రెండు మతాల ఆశీర్వాదమూ అందింది గనక ఇక ఢోకా లేదనుకున్నాం.

చలికాలం వెళ్ళేసరికి కబురొచ్చింది. ఒక గదిలో అంకె చక్కగా చలి చూపిస్తుండగానే, రొయ్యల పెట్టెలు సర్దే ఆడవాళ్ళ కాళ్ళకింద నీళ్ళు చేరాయట. మావయ్య వెళ్ళి కార్డు తీసి పెడితే బాగానే పనిచేసింది. మళ్ళీ కొన్నాళ్ళకు ఇంకో గదిలో అదే తంతు, ఈసారి కొంత సరుకు మెత్తబడింది. మేనేజరు గారు కోపం చూపించే మనిషి కాదు, అదే భయం. మా ఇద్దరినీ కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, నెమ్మదిగా అన్నారు.

“మీ పెట్టె పాడైతే బాగుచేసుకుంటామండి. కానీ ఇది అబద్ధం చెబుతోంది. పెద్ద పట్టుబడి మొదలయ్యేలోగా నిజం చెప్పించండి, లేదంటే తీసేసి పాత థర్మామీటర్లే తగిలించుకుంటాం.”

పట్టుబడంటే చెరువుల్లో రొయ్యలు పట్టే అదను. అదీ జూన్ దగ్గరికే వస్తోంది. పెట్టె వెనక్కొస్తే మావయ్య మళ్ళీ స్టెబిలైజర్లకూ, నేను సుద్దముక్కకూ వెళ్ళడం ఖాయం. నాన్నగారు ఆ రాత్రి భోజనాల దగ్గర, నీ కార్డులకు ఎలాగూ కుదురుగా కూర్చోవడం రాలేదు, నువ్వైనా బళ్ళో కుదురుకోవే అన్నారు. నవ్వుతూనే అన్నారు. బడి మీద నాకు చిన్నచూపు లేదు, ఆ బళ్ళోనే పెరిగాను. కానీ ఓడిపోయి వెళ్ళకూడదని మాత్రం ఆ పూట గట్టిగా అనుకున్నాను.

మర్నాటి నుంచి భీమవరంలో మా పిన్నిగారింట్లో మకాం పెట్టి, రోజూ ఆ కంట్రోలు గదికి వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టాను. అక్కడ పగటి షిఫ్టు ఆపరేటరు మావయ్యకన్నా పెద్దాయన, అందరూ ఆయన్ను బాబాయిగారు అనేవారు, నేనూ అదే వరస కలిపాను. ఆయన ఆ గదిలోకి చెప్పులతో వచ్చేవారు కాదు. పొద్దున్నే ఒక్కో కార్డు తీసి, పొడిగుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టడం ఆయన పని. పెద్దాయన్ను నిలబెట్టి నేను కూర్చోవడమేమిటని, నేనే గబగబా లేచి ఆ పనంతా చేసేసేదాన్ని. ఒక్క కార్డూ అబద్ధమాడలేదు. వారం తిరిగేసరికి, నువ్వక్కడుంటే బుద్ధిగా ఉండి, వచ్చేస్తే అల్లరి చేస్తుందా ఏవే అని మావయ్య ఫోనులో విసుక్కున్నాడు. విసుగులో ఆయనన్న ఆ మాటే నాకు పట్టుకుంది. నేనుంటే బుద్ధిగా ఉంటోందంటే, తేడా పెట్టెలో లేదు, నా దగ్గరుంది.

మర్నాడు నా చేతులు రెండూ నా కిందే పెట్టుకుని కూర్చున్నాను. బాబాయిగారు తుడిచిన కార్డును కుడిచేత్తో పట్టుకుని, ఎడమచేతి వేళ్ళు కుడి మోచేతికి ఆనించి, పెద్దవాళ్ళకు తాంబూలం ఇచ్చినట్టు, పెట్టెకు దాన్ని అందించారు. బొటనవేలు పైఅంచున ఆనింది, పైఅంచున నొక్కారు, పచ్చదీపం వెలిగింది. అంకె కూడా ఉంది. ఆయన ఒక అడుగు వెనక్కి జరిగి ఒక దణ్ణం పెట్టుకున్నారు. నేను వంగి కింది చివర చూశాను. కార్డు వెంట్రుకవాసి వాలి ఉంది. కింది రేకులు తగలలేదు. దీపం వెలిగింది కాబట్టి కార్డు దిగిందని నమ్మిన పెట్టె, కొత్త అంకె అందక, తనకు తెలిసిన పాత అంకెనే చూపిస్తూ కూర్చుంది.

ఇక నా సంగతి. నాది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు ఎడంచేత్తో ఏది అందుకున్నా అమ్మ వేళ్ళమీద కొట్టేది, దాంతో బలం ఎడమచేతిదీ మర్యాద కుడిచేతిదీ అయి, ఏ పనికైనా రెండు చేతులూ కలిసే వెళ్ళేవి. కార్డును రెండు బొటనవేళ్ళతో పైనా కిందా నొక్కేదాన్ని, అది తిన్నగా దిగేది. నన్ను చూసి మావయ్యా అలాగే నేర్చాడు. లోకమంతా అలాగే పెడుతుందనుకుని పైరేకు ఒక్కదానికే గుర్తింపు కట్టబెట్టాను.

బాబాయిగారిని అడిగాను, రెండు చేతులతో ఎందుకు పెట్టరని. ఆయన నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూశారు.

“ఎడంచెయ్యి ఎలా పెడతానండి అమ్మాయిగారూ? తెల్లారితే దీనిమీదే కదండీ బతుకుతున్నాం.”

సాయంత్రం ఫోనులో చెబితే మావయ్య ఎగిరి గంతేసి, అయితే ఇంకేం, రెండు చేతులతో పెట్టవలెనని ఒక బోర్డు రాయించి తగిలించెయ్ అన్నాడు. నాకు ఒప్పలేదు. ఆ గదికి మూడు షిఫ్టులవాళ్ళు వస్తారు, అందరూ ఆ ఊరివాళ్ళే, అందరికీ మంచి వస్తువుకు ముందు వెళ్ళేది కుడిచెయ్యే. గోడకు తగిలించిన బోర్డు చూసి ఎవరి పెంపకమూ మారదు. మారాల్సింది మేం చేసింది. మావయ్య చాలాసేపు సణిగి, చివరికి సరేలే రా అన్నాడు.

పరిష్కారం చెప్పడానికి తేలిక. గుర్తింపు ఒక చివర ఉంటే చాలదు, రెండు చివర్లా ఉండాలి. పెట్టె పంపే కరెంటు స్లాటు పైచివర కార్డులోకి ఎక్కి, కార్డు పొడుగునా నడిచి, కింది చివర దిగి మళ్ళీ పెట్టెను చేరితేనే దీపం వెలగాలి. రెండింట్లో ఏది తగలకపోయినా దారి తెగుతుంది, పెట్టె గంట కొట్టి చెబుతుంది. పైగా ఆ రెండు చివరి రేకులూ మిగతావాటికన్నా కాస్త పొట్టిగా ఉంటే, అన్నీ తగిలాక ఆఖరున తగులుతాయి. నేనూ మావయ్యా వర్క్‌షాపులో కూర్చుని బ్లేడుతో ఆ రేకుల కొసలు గీకాం, ప్రతి కార్డుకూ పైనుంచి కిందికి సన్నతీగ అతికించాం. మావయ్య కళ్ళజోడు ముక్కు మీదికి జారుతుంటే, కుర్రతనంలో రేడియోలు విప్పినప్పటి పాటలేవో కూనిరాగం తీశాడు.

అసలు కష్టం తల్లి బోర్డు దగ్గర వచ్చింది. అప్పటికే పట్టుబడి మొదలై గదులన్నీ నిండాయి, పెట్టెను ఆపడానికి వీల్లేదని మేనేజరు గారు చేతులెత్తేశారు. నడుస్తున్న బోర్డు వెనకాల ప్రతి స్లాటుకూ ఒక తీగ అతకాలి. కరెంటుతో ఉన్న సోల్డరింగు ఐరను నడుస్తున్న బోర్డుకు తగిలిస్తే మొత్తం కాలిపోవచ్చు. అందుకని ఐరను బాగా కాల్చి, ప్లగ్గు పీకి, అది చల్లారేలోగా ఒక్క అతుకు వేసి, మళ్ళీ కాల్చి, మళ్ళీ పీకి, అలా చేసుకుంటూ పోయాను. మావయ్య ప్లగ్గు దగ్గర కూర్చుని పెట్టడం పీకడం చేస్తూ, లోలోపల కొబ్బరికాయలు మొక్కుకుంటున్నట్టు పెదాలు కదిపాడు. మేనేజరు గారు తలుపు దగ్గరే నిలబడిపోయారు. ఆ రోజు నా ఎడమచెయ్యి అతికింది, కుడిచెయ్యి తీగ పట్టింది, జీవితంలో ఆ రెండూ దెబ్బలాడుకోకుండా పనిచేసింది ఆ పూటే. కంప్రెసర్లు మాత్రం మా బాధ మాకు వదిలేసి హాయిగా గురకపెట్టాయి.

అన్నీ అయ్యాక, మేనేజరు గారు చూస్తుండగా, బాబాయిగారిని ఒక కార్డు తీసి మామూలుగా పెట్టమన్నాను. ఎలా పెట్టాలో చెప్పలేదు. ఆయన కుడిచేత్తో, మోచేతికి వేళ్ళు ఆనించి, పైఅంచున నొక్కారు. దీపం వెలగలేదు. పెట్టె గంట కొట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది, మావయ్యకు మాత్రం పోయినట్టుంది, ఎందుకంటే దీపం వెలగకపోవడమే గెలుపని ఆ కంగారులో మరిచిపోయాడు. బాబాయిగారు ఒక్క క్షణం ఆగి, తల పక్కకు వంచి కార్డును చూసి, అదే కుడిచేతి బొటనవేలితో కింది చివర నొక్కారు. గంట ఆగింది. పచ్చదీపం వెలిగింది. అంకె కదిలి, నిజమైన చలి చూపించింది. ఆయన మేనేజరు గారివైపు తిరిగారు.

“ఇప్పుడు ఎదురు చెబుతోందండి. పర్లేదు, నమ్మొచ్చు.”

మేనేజరు గారు మజ్జిగ తెమ్మని కబురు పంపారు. నేను రాజమండ్రి వచ్చి నాన్నగారికి బడికి రానని చెప్పాను. ఆయన చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టి, అయితే ఆ రెండు చివర్ల సంగతి మా పదో తరగతి పిల్లలకు ఒకసారి వచ్చి చెప్పిపో అన్నారు. వెళ్ళి చెప్పాను. ఒక్కరికీ అర్థంకాలేదు, ఆ విధంగా బడికి నేను తప్పించిన నష్టం ఎంతో నాకే తెలిసింది. ఆ పెట్టె మాత్రం చాలా ఏళ్ళు నిజమే చెప్పింది, దాన్ని చూసి ఇంకొందరు అడిగారు, మావయ్య దుకాణం చివరికి దాని బోర్డంత అయ్యింది.

ఇప్పుడు మావయ్య లేడు, బాబాయిగారూ లేరు. రెండేళ్ళ కిందట పిన్నిగారి మనవరాలి పెళ్ళికి భీమవరం వెళ్ళి, ఆ కోల్డు స్టోరేజీకి ఒకసారి పోయాను. లోపల అందరూ మా మనవల వయసువాళ్ళే. ఒక ఇంజనీరమ్మాయి ఎంతో మర్యాదగా కంట్రోలు గది చూపించింది. గోడకు తెల్లటి డబ్బా, చిన్నది, సీలు వేసి ఉంది. ఇందులో కార్డులు ఎవరు మారుస్తారమ్మా అని అడిగాను. ఎవరూ మార్చరండి, ఏదైనా తేడా వస్తే కంపెనీవాళ్ళు చెన్నై నుంచే చూసుకుంటారు, కాకపోతే డబ్బా మార్చేస్తారు అంది. దాన్ని తయారుచేసినవాళ్ళు ఎప్పుడైనా ఇక్కడికి వచ్చారా అంటే, ఎందుకొస్తారండీ అని ఆశ్చర్యపోయింది. ఆమె ఆశ్చర్యం న్యాయమే. ఆ డబ్బా మా పెట్టెకన్నా వెయ్యిరెట్లు తెలివైంది, దానికి ఎవరి చెయ్యీ తగలక్కర్లేదు.

బయటికొచ్చి ఆటో కోసం నిలబడితే, ఐసూ రొయ్యలూ కలిసిన అదే పాత వాసన తగిలింది. మా రోజుల్లో తప్పుకు ఒక ఊరు ఉండేది. సంచీలో టిఫిను బాక్సు పెట్టుకుని, బస్సెక్కి, ఆ ఊరు దిగి, అది దొరికేదాకా దాని ఎదురుగా కూర్చోగలిగేవాళ్ళం. ఇప్పటివాళ్ళకు మాకన్నా పట్టుదల తక్కువని నేననను, ఆ ఇంజనీరమ్మాయి కళ్ళల్లోనూ అది ఉంది. వెళ్ళి కూర్చోవడానికే పాపం ఆమెకు ఊరు లేదు.