ఎవరికీ వినబడని బాస్ గిటారు

బాస్ గిటారు మెడలో వేసుకున్నవాణ్ని మా దిక్కు అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "సార్, ఇంకో రెండు తీగలు తెగిపోయినయా?" బడిలో అటెండరు అడిగాడు, పాలు పోసే ఆయన అడిగాడు, పెళ్లైన కొత్తలో మా మామ కూడా అడిగాడు. దీనికి నాలుగే ఉంటాయని, లావుగా ఉంటాయని, పాటకు అడుగున నడిచే స్వరం ఇదేనని ఓపికగా చెబుతాను. అంతా విని, "అంటే డీజే డబ్బాల వచ్చే బేసే గదా" అంటారు. కాదు. అది గుండెల మీద గుద్దేది, ఇది పాటను మోసేది. ఈ తేడా చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.

నేను ఎల్లారెడ్డిలో సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను. ఆదివారాలు మా క్రైస్తవ సంఘం మందిరంలో ఆరాధనకు బాస్ వాయిస్తాను. ముందు వరుసలో పాడే ఆడవాళ్లు, ఒక పక్క కీబోర్డు, ఇంకో పక్క డ్రమ్ములు, వెనక మూలన మడత కుర్చీల దొంతర పక్కన నేను. కీబోర్డు ఆయన ఒక్క స్వరం తప్పితే పది తలలు అటు తిరుగుతాయి. నేను పాటంతా తప్పినా ఎవరికీ తెలియదు. ఒక ఆదివారం ఉక్రోషం కొద్దీ కావాలనే ఒక చరణమంతా తప్పు వాయించి చూశాను. ఆరాధన అయ్యాక ఎప్పటిలాగే చాయ్ ఇచ్చి, ఎండలు ముదిరాయని మాట్లాడారు.

అలాంటి రోజుల్లో సంఘానికి కొత్త కీబోర్డు వచ్చింది. మైకులూ కుర్చీలూ స్పీకర్లూ అన్నీ చూసుకునే మా సంఘ పెద్ద నన్ను పక్కకు పిలిచాడు.

"సార్, దీంట్ల ఎడమ చేతితోని ఒత్తితే నీ బేసు సుత ఒస్తదట. ఇగ ఆ గిటారెందుకు? ఆ మూలకు ఇంకో నాలుగు కుర్చీలు పడ్తయి."

నేను నోరు తెరిచేలోపే ఆయనే దయతలిచాడు. "సరే, వార్షికోత్సవం దాక చూద్దాం. ఆనాడు మంచిగ ఇనబడ్డదా, ఉండనీ. ఇనబడలేదా, ఇంటికి తీస్కపో. కోపం చెయ్యకు."

నాకు కోపమే వచ్చింది. ఇన్నేళ్ల నా వాయింపు నాలుగు కుర్చీల పాటి చేయలేదు. అయినా ఆయన మాటలో నిజం లేకపోలేదు. మందిరంలో చప్పుడు పెంచే యాంపు మాటల కోసం పెట్టింది. వాక్యం చెప్పే గొంతు చివరి కుర్చీ దాకా చక్కగా వెళ్తుంది. నా స్వరం మాత్రం నోట్లో పిండి కుక్కుకొని మాట్లాడినట్టు వస్తుంది. పైగా ఫ్యాన్లు తిరిగితే గిటారు గుయ్యిమంటుంది. తీగల మీద చేయి పెడితే ఆగుతుంది, తీస్తే మళ్లీ మొదలు. వాల్యూం నాబ్ అరిగిపోయి పూర్తిగా తగ్గేది కాదు. అందుకని ప్రసంగం సాగినంతసేపూ తీగల మీద అరచేయి ఆనించుకొని, జ్వరం వచ్చిన బిడ్డను పట్టుకున్నట్టు కూర్చునేవాణ్ని.

ఈ బాధ అర్థమయ్యే మనుషులు నాకు ఇద్దరే. ఒకాయన కామారెడ్డిలో యాంపులు, మిక్సర్లు బాగుచేసే అన్న. రెండో అతను కామారెడ్డి నుంచి మా ఎల్లారెడ్డి మీదుగా తిరిగే బస్సులో కండక్టరు, సెలవు దొరికితే పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో బాస్ వాయిస్తాడు. ముగ్గురం శనివారం మధ్యాహ్నాలు అన్న దుకాణంలో, విప్పి పడేసిన డబ్బాల మధ్య కూర్చుంటాం. బయటివాళ్లు మా గొంతులు వింటే ఆస్తి తగాదా అనుకుంటారు. తీగల కింద ఉండే అయస్కాంతాల పట్టీని పికప్ అంటారు. అది మంచిదైతే అన్నీ మంచివే అని అన్న వాదన. గిటారు ఏదైనా పర్వాలేదు, యాంపూ దాని స్పీకరూ పెద్దవి కావాలని కండక్టరు వాదన. ఒకసారి తలుపంత స్పీకరు డబ్బాను తన బస్సులోనే తెచ్చుకొని, తనకు తానే లగేజీ టికెట్ కొట్టుకున్న మనిషి అతను.

"జుక్కల్ దిక్కు పెండ్లికి పోతే మరాఠీ పాట అడుగుతరు, కన్నడ పాట అడుగుతరు. బేసు జర పెంచు అన్నోడు ఒక్కడు లేడన్నా," అని అతను వాపోయినప్పుడు మాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఒక శనివారం మందిరం నుంచి గిటారు తెచ్చి నా గండం చెప్పగానే ఇద్దరూ నన్ను వదిలేసి వాళ్ల తగాదా అందుకున్నారు.

"పికప్ మార్చాలె," అన్నాడు అన్న.

"పికప్ మారిస్తే ఏమొస్తది? ఆ డబ్బాలకెళ్లి బయటికి రావద్దా?" అన్నాడు కండక్టరు.

"చెరువుల నీళ్లే లేకపోతే తూము పెద్దగ జేసి ఏం జేస్తవ్ రా?"

"తూమే లేకపోతే నీళ్లుండి ఏం జేస్తవన్నా?"

ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నట్టు నా కష్టం వాళ్లకు మంచి కాలక్షేపమైంది. నేను గిటారు ఒళ్లో పెట్టుకొని, చల్లారిన చాయ్ తాగుతూ కూర్చున్నాను. సొంత యాంపు పెట్టుకుందామంటే మందిరంలో సంఘ పెద్ద ఒప్పుకోడు, ఇంకో డబ్బా అంటే ఇంకో కుర్చీ పోయినట్టే ఆయనకు. ఆ మాట గట్టిగా చెబితే గానీ ఇద్దరూ నా వైపు తిరగలేదు.

అప్పుడు అన్న ఒక చిన్న సర్క్యూట్ తీసి చూపించాడు. అది గిటారు లోపలే కూర్చుంటుంది, చిన్న చౌకోరు బ్యాటరీ మీద నడుస్తుంది. స్వరాన్ని లోపలే బలంగా చేసి పంపుతుంది కాబట్టి ఏ యాంపులో పెట్టినా వినబడి తీరుతుందన్నాడు. మంచిదే, కానీ పాత సర్క్యూట్ కూడా ఉంచి, అవసరమైతే దాని మీదికి మారేలా ఒక స్విచ్చు పెట్టమన్నాను. అన్న నా వైపు జాలిగా చూశాడు.

"బాయికి మోటరు బిగించినంక మల్ల బొక్కెన ఎందుకు తమ్మీ?"

గిటారు పొట్ట విప్పి లోపల రాగి రేకు అంటించాడు, గుయ్యిమనే చప్పుడు ఆగింది. కొత్త నాబ్‌లు పెట్టాడు. లోపలి పాత వైర్లన్నీ కత్తిరించి కొత్త సర్క్యూట్‌ను టంకంతో అతికించాడు. వేడి ఇంకా ఆరకముందే కండక్టరు, "అన్నా, ఆ పాత సర్క్యూట్ నాకియ్యరాదు" అన్నాడు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినట్టు! విసుగొచ్చి ఇచ్చేశాను.

కానీ అబద్ధమెందుకు, అభ్యాసం నాడు మందిరంలో మొదటి స్వరం వేయగానే నా ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్లు నా వేళ్ల కింద ఇంత గొంతు ఉందా అనిపించింది. డ్రమ్ముల ఆయన ఆశ్చర్యంగా చూసి తల ఊపాడు. సంఘ పెద్ద గుమ్మం దగ్గర నిలబడి, "ఇనబడుతుంది గని, ఆనాడు జనం నిండినంక చూడాలె" అన్నాడు. ముందు వరుస నడుమ నిలబడే అక్క ఒక్కతే మొహం చిట్లించింది. ఆమె ఇంటి దగ్గర బీడీలు చుడుతుంది, ఆదివారానికి ఒక్క పాట తానొక్కతే పాడుతుంది, ఆ గొంతు మైకు లేకపోయినా రోడ్డు దాకా వినిపిస్తుంది.

"ఏంది సార్ గిది, ఈపుల గుద్దినట్టు? జర తగ్గియ్యి," అంది.

వినబడకపోతే కుర్చీలు, వినబడితే వీపుల్లో గుద్దులు. ఏం చేయమంటారు నన్ను? పంటి బిగువున నాబ్ కొంచెం తిప్పాను.

మా మందిరంలో ఒక కట్టుబాటు ఉంది. ఎక్కడి వైరు అక్కడే ఉండాలి. ఒకప్పుడు ఎవరో అన్నీ పీకి, తిరిగి తప్పుగా పెట్టి పండుగనాడే స్పీకరు కాల్చేశారట. అప్పటినుంచి సంఘ పెద్ద ప్రతి వైరుకూ రంగు టేపు చుట్టి, ముట్టుకున్నవాడి చెయ్యి విరుస్తానని ప్రకటించాడు. ఆ లెక్కన నా గిటారు కూడా ఆదివారం నుంచి ఆదివారం దాకా వైరు గుచ్చింది గుచ్చినట్టే మూలన నిలబడి ఉండేది. కొత్త సర్క్యూట్ వేశాక కూడా అలాగే ఉంది. వార్షికోత్సవం దాకా వచ్చిన ఆదివారాలన్నీ చక్కగానే పలికింది.

వార్షికోత్సవం రోజు మందిరం పట్టనంత జనం. నస్రుల్లాబాద్ నుంచి, మహమ్మద్‌నగర్ నుంచి ఆటోల్లో వచ్చారు. అన్న, కండక్టరు కూడా నా గిటారు వినడానికే వచ్చి వెనక గోడకు ఆనుకొని నిలబడ్డారు. మొదటి పాట దివ్యంగా పోయింది. అన్న దూరం నుంచే బొటనవేలు ఎత్తి చూపించాడు. రెండో పాటలో నా స్వరం జలుబు చేసినట్టు బొంగురుపోయింది. వాల్యూం పెంచాను. ఇంకా చిరిగింది. మూడోది అక్క పాట.

ఆ పాటలో చరణానికీ చరణానికీ మధ్య కీబోర్డు, డ్రమ్ములు ఆగిపోతాయి. నేను ఒక్కణ్నే మెట్లు దిగినట్టు ఒక్కో స్వరం కిందికి వస్తాను. ఆఖరి మెట్టు దగ్గర అక్క చరణం ఎత్తుకుంటుంది. పల్లవి అయింది, అందరూ ఆగారు, నేను తీగ మీటాను. చప్పుడు రాలేదు. ఇంకోటి మీటాను. స్పీకరులోంచి ఏమీ రాలేదు, వేలి గోరు తీగకు తగిలిన టిక్కు మాత్రం నాకు వినబడింది. అంత జనంలో, అంత నిశ్శబ్దంలో, నేను నాలుగు తీగలనూ పిచ్చివాడిలా లాగుతున్నాను. అక్క కాసేపు ఆగి, తడబడి, ఎక్కడో అందని చోట ఎత్తుకుంది. గొంతు పగిలింది. కీబోర్డు ఆయన హడావిడిగా అందుకొని ఎలాగో పాట గట్టెక్కించాడు. జనం చప్పట్లు కొట్టారు. ఒక్కరూ నా మూలకు చూడలేదు. పాట అయ్యేదాకా ఆ మూగ తీగల మీద చేతులు ఆడిస్తూనే నిలబడ్డాను.

ఆరాధన ముగియగానే అన్న జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. గిటారు చూశాడు, జాక్‌లో ఉన్న వైరు చూశాడు, నెత్తి కొట్టుకున్నాడు.

"వైరు గుంజి పెడ్తలేవా తమ్మీ? అది లోపటుంటే బ్యాటరీ నడుస్తనే ఉంటది. నువ్వు వాయించకున్నా పగలు రాత్రి తాగుతనే ఉంటది!"

"ఆ మాట నాకెప్పుడు చెప్పినవన్నా?"

"గది చెప్పుడెందుకు? అందరికి ఎరుకే గదా!"

కండక్టరు పక్కనుంచి, అది తనకూ తెలుసన్నాడు. పికప్ మీద, స్పీకర్ల మీద వారాల తరబడి గొంతులు చించుకున్నారు. వైరు తీసి పెట్టాలనే ఒక్క మాటకు మాత్రం ఇద్దరికీ నోరు రాలేదు. ఆ క్షణాన గిటారు ఎత్తి ఎవరో ఒకరి నెత్తి మీద వేయాలనిపించింది. మందిరం కాబట్టి ఊరుకున్నాను.

అప్పుడే సంఘ పెద్ద ముఖమంతా నవ్వుతో వచ్చి నా భుజం తట్టాడు.

"సార్, ఇయ్యాల సౌండు ఎంత సాఫ్ ఉండె! గిట్లుండాలె."

"ఇయ్యాల నాది రానే లేదు. సగంల బంద్ పడ్డది."

"అదే గదా నేను చెప్పేది," అన్నాడాయన.

గిటారు సంచీ తెచ్చి జిప్పు తీశాను. ఇంటికి తీసుకుపోవడం ఖాయమైపోయింది. అంతలో భోజనాల వరుస వదిలేసి అక్క వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"చరణం కాడ ఎటు పోయినవ్ సార్?" అని అందరి ముందూ అరిచింది. "నువ్వు దిగుతవని చూసుకుంట నిలవడ్డ. నువ్వు లేకపోతే నేనెక్కడ ఎత్తుకోవాలె? ఇంత మంది ముంగట నా ఇజ్జత్ తీసినవ్!"

సంఘ పెద్ద ఆమెను చల్లబరచబోయాడు. "వచ్చే వారం నుంచి అది ఉండదులేమ్మా. కీబోర్డుతోనే..."

"అయితే చరణాలు గూడ కీబోర్డునే పాడుమను," అని ఆమె విసవిసా వెళ్లిపోయింది.

సంఘ పెద్ద ఆమె వెళ్లిన వైపు చూశాడు, నా సంచీ వైపు చూశాడు. గొంతు తగ్గించి, "సరే సార్, అక్క పాటకు ఉండనీ" అన్నాడు.

"మిగిలిన పాటలకు?"

"మిగిలినవాటికి జర చేతులు కట్టుకొని నిలవడు."

ఇప్పుడు అదే నడుస్తోంది. పాటలన్నిటికీ చేతులు కట్టుకొని, కడుపు మండుతూ, కుర్చీల పక్కన నిలబడతాను. అక్క పాట వచ్చినప్పుడు తీగల మీద చేయి వేస్తాను. నా వాయింపు బాగుందని ఆమె ఇప్పటికీ ఒక్క మాట అనలేదు, వీపులో గుద్దినట్టుందనే అంటుంది. కానీ పల్లవి ముగిసి అందరూ ఆగిపోయినప్పుడు, నేను మొదటి స్వరం మీటే ముందు, ఆమె తల కొంచెం వెనక్కి తిప్పి నేను ఉన్నానో లేనో చూసుకుంటుంది.